తెరమీది మనిషి వినడు

పద్యనాటకాలకు నలభై రెండేళ్లు హార్మోనియం వాయించాను. ఆరేళ్లుగా మూకీ సినిమాలకు వాయిస్తున్నాను. నల్లగొండలో ఒక బడి హాలులో మేము ముగ్గురం కలిసి వేసిన ప్రదర్శన గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాను. ముగ్గురం అంటే నేను, ఢోలక్ వాయించే కుర్రాడు, ఒకప్పుడు టాకీసులో ఆపరేటరుగా చేసి ఇప్పుడు మా ప్రొజెక్టరు చూసుకునే మిత్రుడు. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని సంపాదకులూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. అన్నిటికీ జవాబు రాసే ఓపిక లేదు కనుక ముచ్చట వేసినవి కొన్ని, కోపం తెప్పించినవి కొన్ని ఏరుకున్నాను.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల వార్షికోత్సవంలో ఒక మూకీ సినిమా వేసి, పక్కన పిల్లల చేత సంగీతం వాయించాలని ఉంది. కీబోర్డు, తబలా, రెండు జతల తాళాలు ఉన్నాయి. ఏ సినిమా బాగుంటుంది? ఎలా మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయుడు, కల్వకుర్తి

జవాబు: సార్, పెద్ద సినిమా పెట్టుకోకండి. రెండు రీళ్లది చాలు. బస్టర్ కీటన్ నటించిన 'వన్ వీక్' అని 1920 నాటి సినిమా ఒకటుంది, ఇరవై నిమిషాల పైచిలుకు. కొత్తగా పెళ్లయిన జంటకు కానుకగా ఇల్లు వస్తుంది. కట్టిన ఇల్లు కాదు, పెట్టెల్లో విడి భాగాలుగా వచ్చిన ఇల్లు. పెట్టెల మీది నంబర్ల ప్రకారం బిగించుకోవాలి. ఆ అమ్మాయిని చేసుకోవాలని ఆశపడి భంగపడ్డవాడు వచ్చి నంబర్లు మార్చేస్తాడు. ఇక ఆ ఇంటి వాలకం మీరే చూడండి. మేడ మీద తలుపు తీస్తే బయట గాలి తప్ప ఇంకేమీ ఉండదు. గాలివాన వస్తే ఇల్లు రంగులరాట్నంలా గిర్రున తిరుగుతుంది. అంతా అయ్యాక తెలిసేదేమిటంటే, కట్టింది తమ స్థలంలో కాదు. అసలు స్థలం రైలు పట్టాలకు అవతల ఉంది. ఇంటిని లాక్కుపోతుంటే సరిగ్గా పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలు వస్తుంది. మొగుడూ పెళ్లాం కళ్లు మూసుకుంటారు. రైలు పక్క పట్టాల మీద నుంచి వెళ్లిపోతుంది. వాళ్లు తేరుకునేలోపు ఎదురు దిక్కు నుంచి ఇంకో రైలు వచ్చి ఇంటిని పుల్లలు పుల్లలు చేస్తుంది.

మా మొదటి ప్రదర్శన ఈ సినిమాతోనే. ఆ రోజు నా నిర్వాకం చెబుతాను, మీ పిల్లలకు పనికొస్తుంది. ముందురోజు రాత్రి ఫోనులో ఒక్కసారి చూశాను, అదీ మధ్యలో కునుకు తీస్తూ. మొదటి రైలు దగ్గర పడుతుంటే మా కుర్రాడు ఢోలక్ మీద నడక పెంచాడు, నేను పై స్థాయికి పోయాను. రైలు పక్కనుంచి సాగిపోగానే హాలంతా ఊపిరి వదిలింది. నేను పద్యం ముగిసినట్టు ముక్తాయింపు ఇచ్చి, హార్మోనియం మెట్ల మీద నుంచి చేతులు తీసి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాను. నలభై ఏళ్ల అలవాటు అది. నాటకంలో పద్యం అయిపోతే చప్పట్లు పడతాయి, వెనక నుంచి ఎవరో వన్స్‌మోర్ అంటారు, నటుడు గొంతు సవరించుకుంటాడు. హార్మోనిస్టుకు అర నిమిషం దొరుకుతుంది. ఇక్కడ ఆ అర నిమిషం లేదు. తువ్వాలు నా మెడ మీద ఉండగానే రెండో రైలు వచ్చింది. అంత పెద్ద ఇల్లు చడీచప్పుడూ లేకుండా కూలింది. పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. ఆట అయ్యాక మా ఆపరేటరు మిత్రుడు వచ్చి, "అక్కడ ఆపడం నీ అనుభవానికే చెల్లింది" అని భుజం తట్టాడు. నేను కాదనలేదు. ఆరేళ్ల తర్వాత ఈ పేజీలో చదివి నిజం తెలుసుకుంటాడు.

అంతకుముందు ఎవరు చెప్పినా నాకు బుర్రకెక్కని సంగతి ఆ తువ్వాలుతో ఎక్కింది. నాటకంలో నటుడు నన్ను వింటాడు. రాగం తీస్తూ నా శ్రుతి అందుకుంటాడు. మాట మరిచిపోతే నేను అదే ముక్కను తిప్పి తిప్పి వాయిస్తాను, గుర్తొచ్చాక ఎత్తుకుంటాడు. ఒకరి కోసం ఒకరం ఆగుతాం. తెరమీది మనిషి వినడు. 1920లో ఎప్పుడు తల తిప్పాడో ఇవాళా అప్పుడే తిప్పుతాడు. కనుక ఆగాల్సిందీ, పరుగెత్తాల్సిందీ మనమే.

అందుకని మీ పిల్లల చేతికి వారం రోజులు వాయిద్యాలు ఇవ్వకండి. శబ్దం పూర్తిగా తగ్గించి సినిమా ఆరేడుసార్లు చూపించండి. తర్వాత ఒక పెద్ద కాగితం మీద ఎన్నో నిమిషం ఎన్నో సెకనులో ఏమి జరుగుతుందో వాళ్ల చేతే రాయించండి. ఆ కాగితమే మీ స్వరం. వాయించేవాళ్లను తెరకు ఒక పక్కగా, తెర కనబడేలా కూర్చోబెట్టండి. చాలా చోట్ల వేదిక మీద తెర వెనకకో, ప్రేక్షకులకు ఎదురుగానో కూర్చోబెడతారు, సన్మానానికి కూర్చోబెట్టినట్టు. వీపు ప్రేక్షకుల వైపు ఉన్నా పరవాలేదు. మెట్ల మీద పడేలా చిన్న లైటు, తెర మీద పడకుండా అట్టముక్క అడ్డం. ఇంతకు మించి సామగ్రి ఏమీ అక్కర్లేదు.

ప్రశ్న: ఏ దృశ్యానికి ఏ రాగం అనే పట్టిక ఏదైనా ఉందా సార్? ముందే రాసుకుని వాయించాలా, అప్పటికప్పుడు కల్పించాలా? నేను కీబోర్డు నేర్చుకుంటున్నాను.
– డిగ్రీ విద్యార్థిని, వనపర్తి

జవాబు: పట్టికలు ఉండేవమ్మా. అమెరికాలో సినిమా డబ్బాలతో పాటు ఏ సన్నివేశానికి ఏ ముక్క వాయించాలో చెప్పే క్యూ షీట్లు కూడా వచ్చేవి. ఎర్నో రాపీ అనే ఆయన 1924లో ఒక లావుపాటి పుస్తకమే వేశాడు. పోరాటం, అంత్యక్రియలు, విమానం, రైలు అని పేజీ అంచునే అచ్చువేసి ఉంటుంది. వాయించేవాడు ఒక కన్ను తెర మీద ఉంచి, ఒక చేత్తో పేజీ తిప్పుకోవచ్చు. పెద్ద ఊళ్లలో పెద్ద వాద్యబృందాలు, చిన్న ఊళ్లలో ఒక్క పియానో.

మనకూ నాటకాల్లో అలాంటి లెక్క నోటికి వచ్చి ఉంటుంది. దుఃఖమైతే ముఖారి, రౌద్రమైతే అఠాణా, శృంగారమైతే ఇంకొకటి. నేను ఆ లెక్కతోనే దిగాను, దెబ్బతిన్నాను. చాప్లిన్ 'ది కిడ్', 1921 నాటిది, ఒక పల్లెలో వేశాం. అనాథాశ్రమం వాళ్లు పసివాణ్ని బండిలో ఎక్కించి తీసుకుపోతుంటే చాప్లిన్ ఇళ్ల కప్పుల మీద పడి పరుగెత్తుతాడు. బిడ్డ దూరమయ్యే ఘట్టం కదా అని, హరిశ్చంద్ర కాటిసీనులో వాయించే ముక్క ఒకటి ఎత్తుకున్నాను. రెండో వరుసలో తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి లేచి నిలబడి, ఆ పద్యం ఎత్తుకుని, రాగంతో సహా చివరిదాకా పాడాడు. గొంతు బాగుంది, అదీ కాదనలేను. హాలంతా ఆయన వైపు తిరిగింది. చాప్లిన్ ఒంటరిగా కప్పుల మీద పరుగెత్తుకున్నాడు. మన జనానికి ఒక్కో రాగం వెనక ఒక్కో పద్యం ఉంది, పద్యం వెనక ఒక నటుడు ఉన్నాడు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

ఇప్పుడు ఆ చోట నేను శ్రుతి ఒక్కటే పట్టుకుంటాను. ఢోలక్ మీద మా వాడు వేళ్లతో మాత్రం నడుస్తాడు. పిల్లవాడు చేతికి చిక్కాక నాలుగు స్వరాలు, అంతే.

నీ ప్రశ్నలో రెండో సగానికి జవాబు: సినిమాలో ముఖ్యమైన మనుషులకు తలా ఒక చిన్న బాణీ కట్టుకో. ఏడెనిమిది స్వరాలకు మించకూడదు, మర్నాడు నీకు నువ్వు ఈల వేసుకోగలిగేలా ఉండాలి. ఆ మనిషి సంతోషంగా ఉంటే వేగంగా, దెబ్బతింటే నిదానంగా అదే బాణీ. మిగతాదంతా అప్పటికప్పుడే. ఇంకొక మాట. కీబోర్డులో వందల గొంతులు ఉంటాయని మురిసిపోకు. ఒకటి ఎంచుకుని ఆట అయ్యేదాకా దాంతోనే ఉండు. తెర మీద కుక్క కనబడిందని కుక్క అరుపు మీట నొక్కితే మాత్రం నేను లేచి వెళ్లిపోతాను.

ప్రశ్న: పాత సినిమాల్లో అందరూ ఎందుకు గబగబా నడుస్తారు? అప్పటి మనుషులు అంత తొందరగా ఉండేవారా?
– పదో తరగతి విద్యార్థి, నారాయణపేట

జవాబు: మా తాత నిమ్మళంగానే నడిచేవాడు బాబూ. తప్పు యంత్రానిది. అప్పట్లో కెమెరా పిడిని చేత్తో తిప్పేవారు. సెకనుకు పదహారో, పద్దెనిమిదో, ఇరవయ్యో ఫ్రేములు, అంటే విడి విడి బొమ్మలు, పడేవి, తిప్పేవాడి చేతిని బట్టి. మాట వచ్చాక, ధ్వని సరిగా వినబడాలంటే వేగం ఒకే తీరుగా ఉండాలి కనుక సెకనుకు 24 అని స్థిరపడింది. పదహారుతో తీసినదాన్ని ఇరవై నాలుగుతో ఆడిస్తే మనిషి ఉరుకుతాడు. ఒక లెక్క చూడు: 35 మిల్లీమీటర్ల ఫిలింలో అడుగుకు 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు పదహారు చొప్పున ఆడితే పదహారు నిమిషాల నలభై సెకన్లు. ఇరవై నాలుగు చొప్పున ఆడితే పదకొండు నిమిషాలే. కొన్ని హాస్య సినిమాల్లో కావాలనే నిదానంగా తిప్పి తీసేవారు, ఆడించేటప్పుడు పరుగుగా కనబడాలని. అది వేరే సంగతి.

ఈ లెక్క నాకు ప్రాణసంకటం. ఒక కాపీ చూసి నేను కాగితం రాసుకుంటాను. ఆట రోజు మా మిత్రుడు "ఇది ఇంకా శుభ్రమైన కాపీ" అంటూ వేరేది పెడతాడు. దాని వేగం వేరు. నాలుగో నిమిషానికే నా కాగితం నన్ను వదిలేస్తుంది.

ప్రశ్న: మూకీల కాలంలో మన హైదరాబాదు రాజ్యంలో సినిమాలు తీశారా? హాళ్లలో సంగీతం ఏముండేది? మన దేశపు మూకీల్లో ఇప్పుడు వేయదగినవి ఏమైనా ఉన్నాయా?
– విశ్రాంత ఉద్యోగి, మహబూబ్‌నగర్

జవాబు: తీశారండీ. ధీరేన్ గంగూలీ అనే బెంగాలీ ఆయన 1922లో హైదరాబాదులో లోటస్ ఫిలిం కంపెనీ పెట్టి, నిజాం ఆదరణతో కొన్ని మూకీలు తీశాడు. 1924లో 'రజియా బేగం' వేసేసరికి అదే నిజాంకు కోపం వచ్చింది. గంగూలీ మూటాముల్లె సర్దుకుని కలకత్తా వెళ్లిపోవలసి వచ్చింది. అటు మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ కలిసి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. తెలుగువాళ్ల మొదటి మూకీ అదే. ఇవాళ అది లేదు. అప్పటి నైట్రేటు ఫిలిం ఇట్టే అంటుకునేది, అంటుకోనిది పొడిపొడిగా రాలిపోయేది, రాలిపోనిదాన్ని అందులోని వెండి కోసం కరిగించారు. దేశం మొత్తం మీద వెయ్యికి పైగా మూకీలు తీస్తే, ఇప్పుడు చూడదగ్గ స్థితిలో ఉన్నవి కొద్ది పదులే.

హాళ్లలో హార్మోనియం, తబలా. నాటకాల వాళ్లనే పిలిచి తెర పక్కన కూర్చోబెట్టేవారు. అంటే నాది కొత్త ఉద్యోగమేమీ కాదు, మధ్యలో ఒక తొంభై ఏళ్లు ఖాళీగా ఉన్న కుర్చీ. 1931 మార్చి 14న బొంబాయిలో 'ఆలం ఆరా' వచ్చాక ఆ కుర్చీ తీసేశారు. మన వైపు సినిమా హాలును ఇప్పటికీ టాకీసు అంటాం కదా. మా అమ్మ చివరిదాకా ఆ మాటే వాడేది. మాట్లాడే సినిమా ఆడే చోటు అని అర్థం. మాట్లాడనిది ఒకటి ఉండేదని ఆ పేరులోనే ఉంది, మనం పట్టించుకోలేదు.

వేయదగినది అడిగారు. ఫాల్కే 1919లో తీసిన 'కాళీయ మర్దన్' చాలా భాగం మిగిలే ఉంది. చిన్ని కృష్ణుడిగా వేసింది ఫాల్కే కూతురు మందాకిని. మొదట్లో ఆ పిల్ల ముఖం ఒక్కటే తెర నిండా ఉంటుంది. నవ్వు, కోపం, బెదురు ఒకదాని వెంట ఒకటి మారుతుంటాయి. హార్మోనిస్టుకు పరీక్ష పెట్టినట్టే. మడుగులో పాముతో పోరాడే ఘట్టానికి మా ఊరి ముసలమ్మలు దండాలు పెట్టారు, నేను వాయించేదెవరూ వినలేదు. దాన్ని మెప్పుగానే తీసుకున్నాను. హిమాంశు రాయ్, ఫ్రాంజ్ ఆస్టెన్ కలిసి చేసిన 'షిరాజ్', 1928 నాటిది, బాగుచేసిన కాపీకి 2017లో సితార్ వాయించే అనౌష్కా శంకర్ సంగీతం చేసింది. ఆమె స్థాయి వేరు, మన పెట్టె స్థాయి వేరు. అయినా వినండి.

ప్రశ్న: 'పుష్పక విమానం' కూడా మూకీయే కదా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: కాదు. 1987లో వచ్చిన ఆ సినిమాలో మాటలు లేవు, చప్పుళ్లన్నీ ఉన్నాయి. నేపథ్య సంగీతమూ ఉంది. మాట్లాడని టాకీ అనండి, సరిపోతుంది.

ప్రశ్న: మా అమ్మమ్మకు ఎనభై రెండేళ్లు, చదువు రాదు. మూకీల్లో మధ్యమధ్య వచ్చే అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఆమెను ప్రదర్శనకు తీసుకువస్తే ఏమి అర్థమవుతుంది?
– గృహిణి, దేవరకొండ

జవాబు: తప్పకుండా తీసుకురండి, ముందు వరుసలో కూర్చోబెడతాను. ఆ టైటిల్ కార్డులను మా దగ్గర ఒకరు తెలుగులో చెబుతారు. మొదట్లో ఒక కుర్రవాడు మాటకు మాట అనువదించి చదివేవాడు. వార్తలు విన్నట్టు ఉండేది. ఇప్పుడు మా వీధిలో బుర్రకథ చెప్పిన అనుభవం ఉన్న ఒకావిడ చెబుతోంది. కార్డులో నాలుగు మాటలుంటే ఆవిడ రెండు చెబుతుంది, ఒక్కోసారి కార్డే లేనిచోట చిన్న మాట విసురుతుంది. 'వన్ వీక్'లో నంబర్లు మార్చేవాణ్ని చూసి "వీడి చేతులు పడిపోను" అంటుంది. అది కీటన్ రాయలేదు, కానీ హాలు మొత్తం అదే అనుకుంటోంది.

జపానులో ఇలా తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్లను బెన్షి అనేవారు. వాళ్ల కోసమే జనం సినిమాకు వెళ్లేవారట. పేరున్న జపాను దర్శకుడు అకిరా కురొసావాకు అన్న అయిన ఆయన ఒక బెన్షి. అక్కడ మాటల సినిమా వచ్చాక కూడా మూకీలు కొన్నేళ్లు ఆడడానికి వాళ్ల పలుకుబడి ఒక కారణం. ఇది విన్నప్పుడు నాకు వింతగా అనిపించలేదు. చిన్నప్పుడు మా నేత వాడలో కూనపులివాళ్లు వచ్చి పటం కట్టేవారు. పద్మశాలీల కులకథ, మార్కండేయ పురాణం, బట్ట మీద వరసలు వరసలుగా బొమ్మలు. చుట్టిన పటాన్ని కొంచెం కొంచెంగా దించుతూ, కర్రతో బొమ్మను చూపుతూ, పాట, మాట, మళ్లీ పాట. తర్వాతి బొమ్మ కనబడేదాకా మేము మెడలు నిక్కించి కూర్చునేవాళ్లం. మీ అమ్మమ్మ అలాంటివి ఎన్ని చూసి ఉంటారో అడగండి. ఆమెకు మూకీ అర్థమవుతుందా అన్నది ప్రశ్న కాదు, ఇంగ్లీషు అక్షరాల మీదే కళ్లు పెట్టి బొమ్మ చూడని మీకు అర్థమవుతుందా అన్నది నా బెంగ.

ప్రశ్న: ఆ సినిమాలన్నీ యూట్యూబులో సంగీతంతో సహా ఉచితంగా ఉన్నాయి. మీ హార్మోనియం ఎవరికి కావాలి? పైగా హక్కుల గొడవ రాదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీరు సూచించిన వీడియో చూశాను. గుర్రం పరుగెత్తినా, తల్లి ఏడ్చినా, కోర్టులో శిక్ష పడినా ఒకే పియానో ముక్క తిరిగి తిరిగి వస్తోంది. ఎవరో సినిమా చూడకుండానే అతికించారు. నేను తప్పులు వాయిస్తాను, చూసి వాయిస్తాను.

హక్కుల సంగతి మాత్రం మంచి ప్రశ్న. మన చట్టం ప్రకారం సినిమా మీద హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. 1920ల నాటివి ఆ గీత దాటి చాలా కాలమైంది. అయితే పాత సినిమాకు ఈమధ్య ఎవరైనా చేసి జోడించిన సంగీతం వాళ్లది. అందుకే మేము శబ్దం పూర్తిగా తీసేసి మాది మేము వాయించుకుంటాం.

ప్రశ్న: హార్మోనియం మన పల్లెల వాయిద్యం కాదు కదా. కిన్నెర, డప్పు, ఒగ్గు డోలు ఎందుకు వాడరు?
– ఒక కవి, గద్వాల

జవాబు: వాడాను. కిన్నెర అద్భుతం. పన్నెండు మెట్ల కిన్నెర పట్టిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక అందరికీ దాని పేరు తెలిసింది. అది కథ చెప్పేవాడి ఒళ్లో పెరిగిన వాయిద్యం, మనిషి గొంతు పక్కన ఒదిగి ఉంటుంది. గొంతు చిన్నది కనుక హాలులో మైకు దగ్గరగా పెట్టాలి, ఫ్యాను ఆపాలి. ఎండాకాలంలో ఫ్యాను ఆపితే జనం నన్ను ఆపుతారు.

డప్పు విషయంలో మాత్రం మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లక తప్పదు. డప్పును కాచాలి. గడ్డిమంట దగ్గర పట్టి చర్మం బిగిస్తే గాని పలకదు. చలికాలం రాత్రి బయట వేసినప్పుడు, పక్కనే మంట పెట్టుకుని ఇద్దరు వంతులవారీగా కాస్తూ వాయించారు. దొంగల వెంట పోలీసులు పడే ఘట్టానికి నా రోమాలు లేచాయి. అదే బడి హాలులో మంట పెట్టనివ్వరు. పావుగంటకు డప్పు వదులై, పోలీసులు నీరసంగా పరుగెత్తారు. ఒగ్గు డోలుకు ఆ బాధ లేదు కానీ, నాలుగు గోడల మధ్య అది మోగితే తెర మీది మనుషులు కూడా చెవులు మూసుకున్నట్టు కనబడతారు. ఆరుబయట వేసే రోజు మీరే మనుషులను తీసుకురండి, కూర్చుని చూస్తాను.

ప్రశ్న: మా ఊరికి వస్తారా? ఏమి ఏర్పాట్లు చేయాలి?
– యువజన సంఘం సభ్యులు, కోస్గి

జవాబు: దసరా దాటాక వస్తాం. అంతవరకు నాటకాల వాళ్లకు మాట ఇచ్చి ఉన్నాను. నాది కాళ్లతో తొక్కే హార్మోనియం, ఒకసారి బస్సు టాపు మీద వేసి దేవరకొండ తీసుకుపోతే రెండు రీడ్లు మూగబోయాయి. కనుక ఆటో మాట్లాడండి. తెల్లటి పంచె తెరగా చాలు, ముడతలు లేకుండా నాలుగు మూలలా లాగి కట్టండి. వీధిలైటు ఒకటి ఆర్పించండి. కరెంటు పోతే సినిమా ఆగుతుంది, నేను ఆగను. ఆ చీకట్లో జనం పద్యాలు అడుగుతారు, వాయిస్తాను. కరెంటు రాగానే ఎక్కడ ఆగామో మా మిత్రుడికి గుర్తుండదు, ముందు వరుస పిల్లలను అడిగి మొదలుపెడతాడు.